కొబ్బరికాయ, పట్టుచీర, బాంబు: ఎయిర్‌పోర్టు యంత్రానికి ఏది ఎలా కనిపిస్తుంది

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థులు, వాళ్ళ తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్ళకి వినిపిస్తోందా అండీ? ... "ఆయ్" అన్నారు, చాలు. ముప్పై ఏళ్ళు బయట ఊళ్ళు తిరిగినవాడికి ఆ ఒక్క మాట వింటే ఇల్లు చేరినట్టే ఉంటుంది.

ఇందాక మాస్టారు అభిమానం కొద్దీ నన్ను శాస్త్రవేత్త అనేశారు. కాదండీ, నేను మెకానిక్‌ని. ఎక్స్‌రే మిషన్లు బాగుచేసేవాణ్ణి. ముందు ఆస్పత్రుల్లో మనుషుల్ని చూసే మిషన్లు, తర్వాత విమానాశ్రయాల్లో పెట్టెల్ని చూసే మిషన్లు. రెంటికీ చుట్టరికం ఉంది, అది తర్వాత చెప్తాను.

మన సరుకుతోనే మొదలుపెడతాను. విమానంలో చేతిసంచిలో కొబ్బరికాయ తీసుకెళ్ళకూడదని మన దేశంలో రూలుంది. 2024 అక్టోబరులో కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు అయ్యప్ప భక్తులకు ఆ ఒక్క సీజన్‌కి, అంటే 2025 జనవరి 20 దాకా, మినహాయింపు ఇచ్చారు. ఇరుముడిలో కాయ క్యాబిన్‌లోకి తీసుకెళ్ళొచ్చన్నారు. కాకపోతే ఎక్స్‌రే తీయాలి, ఈటీడీ పరీక్ష, అంటే పేలుడు మందు ఆనవాళ్ళు వెతికే పరీక్ష, చేయాలి, చేత్తో తడిమి చూడాలి అన్నారు. ఒక్క కొబ్బరికాయకి మూడు పరీక్షలు! మన కోనసీమలో ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ ఎక్స్‌రే మిషన్ వైపు నుంచి చూడండి. గట్టి పెంకు, లోపల గుజ్జు, దాని లోపల నీళ్ళు. ఆ నీళ్ళు నీళ్ళేనని దానికెవరు చెప్పాలి?

కురిడీ సంగతి వేరు, కలిపేయకండి. అంబాజీపేట మార్కెట్లో గోతాలకు గోతాలు చూసే మనకి అది పూజ సామాను. విమానయానం వాళ్ళ పుస్తకంలో మాత్రం ఎండుకొబ్బరి ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంది. కారణం బాంబు భయం కాదు. అందులో నూనె ఎక్కువ, తనంతట తనే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. మా వదిన కువైట్ వెళ్తూ పెట్టెలో ఇరవై కురిడీలు పెట్టింది. కౌంటర్లో తీసేయమన్నారు. "నేనేమన్నా దొంగనా?" అని ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

ఈరోజు నేను చెప్పాలనుకున్నది ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. విమానాల్ని ఉగ్రవాదం నుంచి కాపాడే యంత్రాల కోసం ప్రభుత్వాలు దశాబ్దాలుగా డబ్బు పోస్తున్నాయి. ఆ డబ్బంతా బాంబుని పట్టుకోవడానికే అనుకుంటాం. పట్టుకోవడం అంత కష్టం కాదండీ. బాంబు కానిదాన్ని అనుమానించకుండా వదలడం కష్టం. నన్నడిగితే, డబ్బులో చాలా భాగం మా వదినలాంటి వాళ్ళ పెట్టెల్ని వదలడం నేర్చుకోవడానికే పోయింది.

మొదట్లో భయమంతా హైజాకింగ్ గురించి. పిస్తోలు, కత్తి దొరికితే చాలు. అమెరికాలో 1973 జనవరి నుంచి ప్రతి ప్రయాణికుణ్ణీ తనిఖీ చేయడం తప్పనిసరి చేశారు. మన దగ్గర 1971లో 'గంగ' విమానాన్ని లాహోర్ తీసుకుపోయారు, 1976లో ఇంకో హైజాక్ జరిగింది. 1978లో బీసీఏఎస్, అంటే పౌర విమానయాన భద్రతా విభాగం, చిన్న సెల్‌గా మొదలైంది. ఇనుము దొరకడం తేలిక, మెటల్ డిటెక్టర్ కూస్తుంది. అసలు తంటా సరుకు అరలోకి బాంబు వెళ్ళడంతో వచ్చింది.

మనకి దగ్గర్లోనే, 1984 ఆగస్టు 2న, మద్రాసు మీనంబాకం విమానాశ్రయంలో కొలంబో వెళ్ళాల్సిన లగేజీలో బాంబు పేలింది. పెట్టెలు ఇచ్చినవాడు విమానం ఎక్కలేదు. అవి విమానాశ్రయంలోనే ఉండిపోయాయి, అక్కడే పేలాయి. 30 మందికి పైగా పోయారు. ఇక్కడున్న పెద్దవాళ్ళలో కొందరికి గుర్తుండొచ్చు.

ఏడాది తిరక్కుండా, 1985 జూన్ 23న, కనిష్క. ఎయిర్ ఇండియా 182. ఐర్లండ్ పక్కన సముద్రం మీద పేలిపోయింది, 329 మంది. వాంకూవర్‌లో ఒకతను పెట్టె ఇచ్చి, దాన్ని ఎయిర్ ఇండియా విమానం దాకా పంపాల్సిందేనని పట్టుబట్టాడు. వెనక లైను పెరిగిపోతోంది. కౌంటర్లో ఆవిడ విసిగిపోయి ట్యాగు కట్టేసింది. పెట్టె వెళ్ళింది, అతను వెళ్ళలేదు. టొరంటోలో ఎక్స్‌రే మిషన్ ఆరోజు మధ్యలో పాడైంది. మెకానిక్‌గా ఈ వాక్యం చెప్పినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. మిగిలిన పెట్టెల్ని చేత్తో పట్టుకునే వాసన పరికరంతో చూశారు. ఒక పెట్టె దగ్గర అది చిన్నగా కూసిందని తర్వాత విచారణలో బయటికొచ్చింది. ఎంతసేపు కూస్తే ప్రమాదమో వాడేవాళ్ళకి సరిగ్గా తెలీదు. అప్పటికి కొన్ని నెలల ముందే పోలీసులు ఆ పరికరాన్ని పరీక్షించి, నమ్మదగింది కాదని తేల్చారు. అయినా దాన్నే వాడారు.

దాని తర్వాత మన దేశంలో ఏం చేశారో యాభై దాటినవాళ్ళకి తెలుసు. బేగంపేటలో విమానం పక్కన ఎండలో పెట్టెలన్నీ వరుసగా పేర్చేవారు. మనం నడుచుకుంటూ వెళ్ళి "ఇది నాది" అని చూపిస్తేనే లోపలికి ఎక్కించేవారు. యజమాని లేని పెట్టె నేల మీదే ఉండిపోయేది. దానికి యంత్రమూ అక్కర్లేదు, పరిశోధనా అక్కర్లేదు. ఎన్నో కోట్ల యంత్రాలు చూశాను గానీ, పైసా ఖర్చు లేని ఆ ఏర్పాటు మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

ఇక స్కాట్లండులో లాకర్బీ. 1988 డిసెంబరు 21న పాన్ యామ్ 103 విమానం ఆ ఊరి మీద గాల్లో పేలిపోయింది. విమానంలో 259 మంది, కింద ఊళ్ళో 11 మంది, మొత్తం 270. బాంబు ఒక రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో ఉంది. పేలుడు మందు అరకిలోకి లోపేనని అంచనా. అది ఉన్న పెట్టె విమానం గోడకి దాదాపు రెండడుగుల దూరంలో ఉంది. విమానం శకలాల్ని బ్రిటిష్ పరిశోధకులు ఒక్కొక్కటే ఏరి, మళ్ళీ విమానం ఆకారంలో పేర్చి ఈ సంగతి తేల్చారు.

ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం పరిశోధన మీద గట్టిగా పడింది. అప్పటికే వాళ్ళ చేతిలో ఒక యంత్రం ఉంది. థర్మల్ న్యూట్రాన్ అనాలిసిస్, పొట్టిగా టీఎన్ఏ. సైన్సు పిల్లలు వినండి, ఇది అందమైన ఆలోచన. అప్పట్లో వాడుకలో ఉన్న సైనిక పేలుడు పదార్థాల్లో నైట్రోజన్ దట్టంగా ఉంటుంది. పెట్టె మీదకి నెమ్మదైన న్యూట్రాన్లు పంపితే నైట్రోజన్ కేంద్రకం ఒక న్యూట్రాన్‌ని మింగుతుంది. మింగి 10.8 ఎంఈవీ శక్తి ఉన్న గామా కిరణాన్ని బయటికి కక్కుతుంది. అది నైట్రోజన్ సంతకం లాంటిది. ఆ సంతకం ఎక్కువగా వస్తే పెట్టెని ఆపాలి. పది టన్నులకి పైగా బరువు, ఒక్కొక్కటి పది లక్షల డాలర్ల ఖరీదు. 1989లో న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో మొదటిది పెట్టారు.

అమ్మా, మీరు కట్టుకున్నది ఉప్పాడ పట్టేనా? పట్టు అంటే ప్రొటీను, ప్రొటీన్ అంటే నైట్రోజన్. ఉన్ని, తోలు, నైలాన్ అన్నిట్లోనూ నైట్రోజనే. పెళ్ళికి వెళ్ళే తెలుగువాళ్ళ పెట్టె ఆ యంత్రంలో వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. (నవ్వులు)

అప్పుడు "అలారం గీతని పైకి జరపండి" అన్నారు. ధవళేశ్వరం లెక్క మనందరికీ తెలుసు కదా. బ్యారేజి దగ్గర 11.75 అడుగులకి ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎవరో అతి జాగ్రత్తపరుడు వచ్చి ఎనిమిది అడుగులకే ఒకటో హెచ్చరిక అన్నాడనుకోండి. శ్రావణ భాద్రపదాలంతా మోగుతూనే ఉంటుంది. లంకల్లో వాళ్ళు రెండో ఏడాదికి వినడం మానేస్తారు. పోనీ మూడోది ఇరవై అడుగులకి పెడదామంటే, అప్పటికి చెప్పడానికి ఎవరూ మిగలరు. టీఎన్ఏకీ ఇదే చిక్కు. లాకర్బీలో వాడినంత కొంచెం మందు పట్టాలంటే గీత కిందికి దించాలి. దించితే పట్టుచీరలన్నీ బాంబులే. ఎత్తితే లాకర్బీ బాంబు కిందనుంచి వెళ్ళిపోతుంది.

అమెరికా అధ్యక్షుడు వేసిన కమిషన్ 1990లో ఈ సంగతే చెప్పింది. అదే ఏడాది నవంబరులో విమాన భద్రతా మెరుగుదల చట్టం వచ్చింది. పరిశోధన వేగం పెంచమంది. దాంతో పాటు, పరీక్షలో పాసై సర్టిఫికెట్ పొందిన యంత్రాన్ని తప్ప దేన్నీ విమానాశ్రయాల మీద రుద్దకూడదని కూడా అంది. నా లెక్కలో ఈ రెండో మాట మొదటిదానికన్నా గొప్పది. న్యూజెర్సీలో అట్లాంటిక్ సిటీ దగ్గర వాళ్ళ విమానయాన శాఖకి టెక్నికల్ సెంటర్ ఉంది. ప్రశ్నపత్రం అక్కడ తయారైంది. ఏయే పదార్థాలు, ఎంతెంత బరువు, నూటికి ఎన్ని పట్టాలి, ఎన్ని తప్పుడు అలారాలకి మించకూడదు, గంటకి ఎన్ని పెట్టెలు చూడాలి. వివరాలు రహస్యం. కంపెనీవాడు తన యంత్రం గురించి ఎంతైనా చెప్పుకుంటాడు, అది వాడి వ్యాపారం. నిజం మందుతో, నిజం పెట్టెలతో పరీక్ష పెట్టే పని ప్రభుత్వం తప్ప ఇంకెవరూ చేయలేరు.

పరీక్ష లేకపోతే ఏమవుతుందో చెప్తాను. మెట్ట ప్రాంతంలో బోరు వేసేముందు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడుస్తారు చూశారా? కాయ లేచి నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టు. బోరు పడితే కాయ గొప్పతనం, పడకపోతే మన ఖర్మ. బ్రిటన్‌లో ఒకాయన సరిగ్గా అలాంటిదే, పిడికి అటూ ఇటూ తిరిగే కడ్డీ బిగించి, ఏడీఈ 651 అని పేరు పెట్టి, బాంబులు పట్టే యంత్రమని ఇరాక్‌కి అమ్మాడు. లోపల ఏమీ లేదు. బ్యాటరీ కూడా లేదు. చెక్‌పోస్టుల్లో సైనికులు దాన్నే నమ్ముకుని కార్లని వదిలేశారు, ఆ కార్లలో బాంబులు లోపలికెళ్ళి జనాన్ని చంపాయి. 2013లో లండన్ కోర్టు అతనికి పదేళ్ళ జైలు వేసింది. ఈ మోసం విమానాశ్రయానికి సంబంధించింది కాదు గానీ, సర్టిఫికెట్ ఎందుకని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదే.

ఇప్పుడు ఇందాకటి చుట్టరికం. ఆ పరీక్ష మొట్టమొదట పాసైన యంత్రం 1994 డిసెంబరులో వచ్చింది. అది న్యూట్రాన్ యంత్రం కాదు, మన ఆస్పత్రి సీటీ స్కాన్ తమ్ముడు. 1971లో బ్రిటన్‌లో హౌన్స్‌ఫీల్డ్ మొదటిసారి రోగి మెదడుని సీటీ తీశాడు, 1979లో నోబెల్ వచ్చింది. ఒక వైపు నుంచి తీసిన ఎక్స్‌రేలో వస్తువులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి, గోడ మీద నీడల్లాగ. చుట్టూ తిప్పి తీస్తే పెట్టెని పనసకాయ కోసినట్టు ముక్కముక్కగా చూడొచ్చు. ప్రతి ముక్కలో ఏ వస్తువు ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది. ఆస్పత్రిలో కణితిని వెతికే లెక్కే, ఇక్కడ మందుని వెతుకుతుంది. నేను ఆస్పత్రి నుంచి ఎయిర్‌పోర్టుకి మారినప్పుడు స్పానర్లు మార్చాల్సిన పని పెద్దగా పడలేదు.

అయితే చిక్కదనం ఒకేలా ఉండేవి చాలా ఉన్నాయి. చాక్లెట్, చీజ్ లాంటివి యంత్రాన్ని కంగారుపెడతాయి. మామూలు ఎక్స్‌రే తెరమీద తిండి సామానంతా నారింజ రంగులో కనిపిస్తుంది, ఇనుము నీలంగా ఉంటుంది. మందు కూడా నారింజే. మన గల్ఫ్ ప్రయాణికుల పెట్టెలంటే ఆ తెర మీద నారింజ తోటే అనుకోండి.

ఈటీడీ గురించి అడిగేముందే చెప్పేస్తాను. చిన్న గుడ్డముక్కతో మన చేతుల్నో సంచినో తుడిచి మిషన్‌లో పెడతారు చూడండి, అది. గుడ్డకి అంటిన అణువుల్ని వేడిచేసి, విద్యుదావేశం ఇచ్చి, ఒక గొట్టంలో పరుగు పందెం పెడతారు. ఏది ఎంతసేపట్లో గమ్యం చేరిందన్నదాన్ని బట్టి అదేమిటో చెప్తుంది. మహా చురుకైంది. మా బావమరిది పొద్దున చేలో కాంప్లెక్స్ ఎరువు చల్లి, స్నానం చేసి, అవే చెప్పులతో సాయంత్రం విమానానికి వెళ్ళాడు. మిషన్ మోగింది. అరగంట కూర్చోబెట్టారు. ఎరువులో నైట్రేటు, మందులో నైట్రేటు, దానికేం తెలుసు పాపం? గుండెజబ్బుకి వాడే నైట్రోగ్లిజరిన్ బిళ్ళలతో కూడా ఈ గొడవ వస్తుంది.

ఇదే సూత్రంతో మనిషి నిలబడితే గాలి ఊది, రాలిన ధూళిని పరీక్షించే గదుల్లాంటి యంత్రాలు కూడా చేశారు. ప్రయోగశాలలో బ్రహ్మాండంగా పనిచేశాయి. అమెరికా విమానాశ్రయాల్లో ఓ వంద దాకా పెట్టారు. అక్కడి దుమ్ముకి, తేమకి మొరాయించాయి, తీసి పక్కన పడేశారు. ఏసీ గదిలో పాసైన యంత్రం మన రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టులో వర్షాకాలం ఎన్నాళ్ళు ఉంటుందో నన్నడగండి, లాబ్‌లో వాళ్ళని కాదు.

పట్టడం కుదరకపోతే పేలినా విమానం బతికేలా చేద్దామని ఇంకో దారి కూడా ఉంది. 1997లో ఇంగ్లండులో బ్రంటింగ్‌థార్ప్ అనే చోట పాత బోయింగ్ 747 సరుకు అరలో నిజంగానే బాంబులు పేల్చి చూశారు. గట్టిపరిచిన కంటెయినర్ పెట్టిన చోట విమానం నిలబడింది. విజయమే. కానీ ఆ కంటెయినర్లు బరువు, ఖరీదు. బరువంటే ఇంధనం, ఇంధనమంటే టికెట్టు ధర. ఎయిర్‌లైన్స్ ముందుకు రాలేదు. ఇది సైన్సు ఓడిపోవడం కాదు, లెక్కల పుస్తకం గెలవడం.

అన్ని యంత్రాల చివర ఒక కుర్రాడో అమ్మాయో తెర ముందు కూర్చుని ఉంటారు. చిన్న లెక్క వేద్దాం, ఊహకే. రోజుకి యాభై వేల పెట్టెలు. యంత్రం నూటికి పది తప్పుగా అనుమానిస్తే, రోజుకి ఐదు వేలు మనుషులు మళ్ళీ చూడాలి. ఏడాది పొడుగునా చూసినా ఒక్క బాంబు కూడా ఉండదు. అలాంటివాడి కన్ను ఏమవుతుంది? వరద రోజుల్లో గోదావరి గట్టు కాపలా కాసినవాళ్ళు ఇక్కడుంటే చెప్తారు. 1986 లాంటి ఏడాది ఎవరికీ నిద్ర పట్టదు, నీళ్ళు రాని ఏడాది లాంతరు పక్కనే గురక. దీనికి అమెరికా విమానయాన శాఖ పరిశోధన నుంచి ఒక మంచి ఉపాయం వచ్చింది. మామూలు ప్రయాణికుడి పెట్టె బొమ్మలో కంప్యూటరు అప్పుడప్పుడు తనే ఒక దొంగ బాంబు బొమ్మ కలిపేస్తుంది. చూసేవాడు బటన్ నొక్కితే "శభాష్, అది మేం పెట్టిందే" అని చెప్తుంది. నొక్కకపోతే లెక్కలో రాసుకుంటుంది. దాంతో నిద్రమత్తు పోతుంది. నాకు తెలిసిన ఒక ఆపరేటర్ ఇంటికెళ్ళాక భార్య టిఫిన్ క్యారియర్ ఇస్తే కూడా పక్కలకి తిప్పి చూసేవాడట.

అన్నీ ఉన్నా జారేవి జారతాయి. 2010 అక్టోబరులో యెమెన్ నుంచి ప్రింటర్ క్యాట్రిడ్జిల్లో మందు పెట్టి సరుకు విమానాల్లో పంపారు. ఇంగ్లండులో ఈస్ట్ మిడ్‌లాండ్స్ విమానాశ్రయంలో మొదటిసారి వెతికినప్పుడు దొరకనే లేదు. సౌదీ నిఘావాళ్ళు ముందే సమాచారం ఇచ్చారు కాబట్టి మళ్ళీ వెతికారు, దొరికింది.

ఒక్కో ఘటనకి ఒక్కో రూలు పుడుతుంది, పుట్టిన రూలు ఓ పట్టాన చావదు. 2001 డిసెంబరులో ఒకడు బూట్లలో మందు పెట్టుకొచ్చాడు. అమెరికాలో అందరి చేతా బూట్లు విప్పించడం 2025 జులైలో గానీ మానలేదు. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవాల కుట్ర బయటపడింది, 100 మిల్లీలీటర్ల సీసా రూలొచ్చింది. కొత్త సీటీ మిషన్లు వచ్చాయి కదా అని యూరప్‌లో కొన్ని విమానాశ్రయాలు దాన్ని సడలించాయి. 2024 సెప్టెంబరులో ఏదో సాంకేతిక సమస్య అని మళ్ళీ కొన్నాళ్ళు 100కే వచ్చాయి. సీసాలో ఉన్నది నీళ్ళా కాదా తేల్చడానికే ఇన్నేళ్ళు పట్టింది. ఇరుముడి కొబ్బరికాయకి మూడు పరీక్షలు ఎందుకో ఇప్పుడర్థమైందా?

మన దేశంలో కూడా పని జరుగుతోంది. పుణేలో డీఆర్‌డీవో ప్రయోగశాల హెచ్ఈఎంఆర్ఎల్, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి చేసిన 'రైడర్-ఎక్స్' అనే పరికరాన్ని 2021లో చూపించారు. రెండు మీటర్ల దూరం నుంచే ఇరవై రకాల పేలుడు పదార్థాల్ని గుర్తుపడుతుందని చెప్పారు. దాన్ని మన దుమ్ములో, మన ఉక్కలో, పెళ్ళిళ్ళ సీజన్ లైన్లో నిలబెట్టి చూడాలి. పిల్లలూ, ఫిజిక్స్ చదివి ఏం చేస్తామని నన్ను ఇందాక కారిడార్‌లో అడిగారుగా? ఆ పని ఉంది.

ఏవైనా ప్రశ్నలుంటే... ఆ, చెప్పండమ్మా.

(ఒక తల్లి: మా అమ్మాయి మస్కట్‌లో ఉంటుందండి. పోయినసారి దాని పెట్టె తెరిచి, తాళం విరగ్గొట్టి, ఆత్రేయపురం పూతరేకులన్నీ నలిపేశారండి. అడిగే నాథుడు లేడు. ఏం అనుమానం అండి మా మీద?)

మీ మీద కాదమ్మా, పెట్టె మీద. నెయ్యి, పంచదార, పలచటి పొరలు ఒత్తుగా ఒకేచోట. తెర మీద నారింజ దిమ్మలాగ కనిపించి ఉంటుంది. యంత్రం "ఏమో" అంది, తెర ముందు మనిషి కూడా "ఏమో" అన్నాడు. ఆ "ఏమో"ని తీర్చే మూడో యంత్రం ఇంకా రాలేదు. అందుకే చేత్తో తెరిచారు. తెరిచి చూశాకే పెట్టె విమానం ఎక్కింది. నలిపింది మాత్రం తప్పే, దానికి నా దగ్గర జవాబు లేదు. ఈసారి పూతరేకుల డబ్బాలు అన్నిటికన్నా పైన, పక్కపక్కనే పేర్చండి, ఒకదాని మీద ఒకటి వద్దు. ఆవకాయ సీసా వాటి పక్కన పెట్టకండి, అడుగున బట్టల మధ్య పెట్టండి. కురిడీలు అసలు వద్దు.

(ఆ తల్లి: పచ్చికాయలండి?)

పెద్ద పెట్టెలో వేసే ముందు ఆ ఎయిర్‌లైన్స్ వాళ్ళనే ఒకసారి అడగండమ్మా. రూలు ఈ ఏడాదొకలా, వచ్చే ఏడాదొకలా ఉంటుంది. అక్కడ లులూలో దొరుకుతాయి కూడా, కాకపోతే మన కాయ కాదనుకోండి.